రాతి మీద ఎర్ర పేరు

హిన్ ఖావ్, చియాంగ్ రాయ్ కొండలు
2009 మే 11

గౌరవనీయులైన యిన్ కున్‌ఫాంగ్ గారికి,

మీరు నన్ను ఎరగరు. నా పేరు యిన్ సూమే. ఈ కొండ మీది చీనా బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఇప్పుడు టీ రైతుల సంఘానికి లెక్కలు రాస్తున్నాను. ఇద్దరు మనవలున్నారు. నా గురించి ఇంతకుమించి అవసరం లేదు.

పోయిన నెల మీ తెంగ్‌చోంగ్ నుంచి ఒక వ్యాపారి టీ కొనడానికి వచ్చాడు. తోటకు వెళ్ళే దారిలో మా నాన్నగారి సమాధి ఉంది. రాతి మీద పేరూ, సొంత ఊరూ చదివి అతను ఆగిపోయాడు. "యిన్ దెషానా? ఈయన కూతురు మా వీధి చివరే ఉంటుందండీ, అక్రోట్లు అమ్ముతుంది. ఈయన సమాధి మా ఊళ్ళోనూ ఉందే!" అన్నాడు. ఒక మనిషికి రెండు సమాధులు ఉండవు. ఏదో ఒకటి తప్పు. తప్పును తప్పుగా వదిలేయడం నాకు చేతకాదు. అందుకని ఈ ఉత్తరం.

నాకు తెలిసినది రాస్తున్నాను. నాన్నగారు సంతలో ఉప్పు కొంటుండగా సైన్యంవాళ్ళు తాడు కట్టి తీసుకుపోయారు. మొదట జపానువాళ్ళతో, ఆ తరువాత మనవాళ్ళతోనే ఆయన యుద్ధం చేశారు. ఆ రెండో యుద్ధం గురించి ఒక్క మాటే చెప్పేవారు: "అవతలివాడి తిట్టు అర్థమయ్యే యుద్ధం చెయ్యకూడదమ్మా." ఓడిపోయిన దండుతో కలిసి 1950లో బర్మా అడవుల్లోకి దిగారు. మిగిలినవాళ్ళను తైవాన్ తీసుకుపోవడానికి విమానాలు వస్తే ఈయన ఎక్కలేదు. అక్కడినుంచి ఇంటికి నడిచే దారి లేదు అన్నారట. ఒక షాన్ పల్లెలో మా అమ్మను పెళ్ళి చేసుకున్నారు. తరువాత ఈ కొండకు వచ్చారు.

1985లో, ఎద్దు ఏడాది, ఇంటికి వెళ్ళాలని సిద్ధమయ్యారు. మీ వైపు రాకపోకలు సులువయ్యాయని విన్నారు. వానలకు ముందు తెంగ్‌చోంగ్ బిడారు కంచరగాడిదల మీద అక్రోట్లు వేసుకుని దిగింది. వానలు వెలిశాక వాళ్ళతోనే బయల్దేరుదామని నాన్నగారు అప్పటికే కొత్త తోలు బూట్లు కుట్టించుకున్నారు. బిడారు దిగిన మర్నాడే ఆ బూట్లు అటక మీద పెట్టేశారు. అడిగితే మోకాళ్ళు అన్నారు. 1990లో పోయారు. సమాధి మీ ఊరి వైపు, ఉత్తరముఖంగా ఉంది.

యుద్ధాల మధ్య ఒకసారి ఇంటికి వచ్చి పెద్దకూతుర్ని ఎత్తుకోబోతే తన బెల్టు తగిలి ఎడమ కనుబొమ్మ మీద మచ్చ పడిందని చెప్పేవారు. మీకు ఆ మచ్చ లేకపోతే ఈ ఉత్తరం మీది కాదు. దయచేసి తిప్పి పంపండి.

యిన్ సూమే

*

షీషాన్‌పో, తెంగ్‌చోంగ్, చీనా
2009 జూన్ 28

కొండ మీది టీచరమ్మకి,

మచ్చ ఉంది.

నేను చెబుతుంటే మా కోడలు యింగ్ రాస్తోంది. నాకు బళ్ళో చోటివ్వలేదు, ఓడిపోయిన దండులో సిపాయి కూతుర్ని కదా. నీలా ముత్యాల్లా రాయడం నాకు రాదు. నేనన్నది అన్నట్టు రాయవే అన్నాను, తిట్లతో సహా. (అత్తయ్య రెండు తిట్లు తిట్టారు. నేను రాయలేదు. యింగ్.)

ఏమిటి నువ్వు చెప్పేది? మా నాన్న ఎప్పుడో పోయాడు. అప్పటికి నాకు పదకొండేళ్ళు. అమ్మ ఒకరోజు ఆయన దూదికోటూ టోపీ ఒక పెట్టెలో పెట్టి కొండవాలున పాతించింది. శవం దొరకనివాళ్ళకి మా దగ్గర బట్టల సమాధి కడతారు, నీకు తెలిసే ఉంటుంది. నేను తలకి తెల్లగుడ్డ చుట్టుకుని మూడేళ్ళు మైల పట్టాను. ఏటా వసంతంలో చింగ్‌మింగ్ నాడు సమాధి మీద గడ్డి పీకాను, కాగితాలు కాల్చాను, అన్నం పెట్టాను. బతికున్న మనిషికా ఇదంతా చేశాను? ఆయన అక్కడ హాయిగా ఇంకో పెళ్ళి చేసుకుని నీచేత అక్షరాలు దిద్దిస్తూ కూర్చున్నాడన్నమాట!

అన్నేళ్ళు బతికున్నవాడు ఒక్క ముక్క రాయలేకపోయాడా? బిడార్లు వచ్చేవిగా? అక్రోట్లు తిన్నాడుగా? ఆ చెట్టు నేను పుట్టిన ఏడు ఆయనే నాటాడు. ఈ ఊళ్ళో బిడారువాళ్ళకి అక్రోట్లు అమ్మేది మేమే. మా చెట్టు కాయలు నవుల్తున్నప్పుడైనా మేం గుర్తుకి రాలేదా?

సరే, అయిందేదో అయింది. ఎముకలు పంపు. రెండు గదుల సమాధిలో మా అమ్మ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక దూదికోటు పక్కన పడుకుని ఉంది.

కున్‌ఫాంగ్

*

హిన్ ఖావ్
2009 ఆగస్టు 9

అక్కగారికి,

మచ్చ ఉందని తెలిసింది. కనుక ఇకపై అక్కగారూ అనే రాస్తాను. మీరు నన్ను టీచరమ్మా అని పిలిచినా అభ్యంతరం లేదు, నేను టీచర్నే.

"హాయిగా" అన్న మాట తప్పు. ఆయన మా ఇంట్లో పరాయి ఊరి సత్రంలో ఉన్నట్టుగా ఉన్నారు. గోడకు మేకు కొట్టేవారు కాదు. పళ్ళచెట్టు నాటనిచ్చేవారు కాదు. "కాయ కాసేదాకా మనం ఇక్కడ ఉంటామా?" అనేవారు. పక్కింటి లిచీలు ఏరుకుతింటూ పెరిగినదాన్ని నేను. మీకు మాత్రం ఒక చెట్టు నాటి వెళ్ళారని మీ ఉత్తరం వల్ల తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఎముకల సంగతి. మా అమ్మ వాళ్ళలో దహనం చేస్తారు. ఆయన పక్కన ఉండాలని తన వాళ్ళ ఆచారం వదులుకుని ఆమె మట్టిలోకి దిగింది. "చలిగా ఉంటుందేమో, అయినా పరవాలేదులే" అంది పోయే ముందు. ఇప్పుడు ఆయనను లేవదీసి మీకు పంపితే ఆమె అక్కడ ఎవరికోసం ఉన్నట్టు? పంపను.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను. చింగ్‌మింగ్ రోజున ఆయన అన్నం ముట్టేవారు కారు. అమ్మ బతిమాలితే, "అక్కడ పెట్టేశారు, కడుపు నిండింది" అనేవారు. మేము చాదస్తం అనుకున్నాం. ఎవరు పెట్టారో ఇప్పుడు మీ ఉత్తరంలో చదివాను.

సూమే

*

షీషాన్‌పో
2009 సెప్టెంబరు 20

సూమేకి,

అంటే తనకి సమాధి ఉందని ఆయనకి తెలుసు. ఎలా తెలుసు? ఎవరు చెప్పారు? తెలిసి కూడా నన్ను ఏడవనిచ్చాడా? ఇది తేల్చి చెప్పు. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకేమీ అక్కర్లేదు నాకు. మా నాన్న మమ్మల్ని వదిలేసుకున్నాడా లేదా, అంతే.

మీ అమ్మని నేనేమీ అనను. అంత పని నేనైతే మా ఆయన కోసం చేసేదాన్ని కాదు. (మావయ్యగారు పక్కనే కూర్చుని విన్నారు. యింగ్.)

వ్యాపారి చేత అక్రోట్లు పంపుతున్నాను. చెట్టు నాకొక్కదానికే నాటాడని కుళ్ళుకోకు, తిను.

కున్‌ఫాంగ్

*

హిన్ ఖావ్
2009 అక్టోబరు 25

అక్కగారికి,

అక్రోట్లు అందాయి. పెంకు పలచన, పప్పు తీపి. మనవలకు సమంగా పంచాను. నావంతు నేనూ తిన్నాను.

మీ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఉన్నవాడి దగ్గరకు వెళ్ళాను. కింది లోయలో మా అనే ముసల్మాను పెద్దాయన ఉన్నాడు. కుర్రతనంలో బిడారు నడిపాడు. ఇప్పుడు చెవుడు, కాని నోరు బాగానే ఉంది. ఆయన అన్నది అన్నట్టుగా రాస్తున్నాను.

"మీ నాన్నా? వాడు సమాధి గురించి వినడమేమిటే, కళ్ళారా చూశాడు! నేను పక్కనే ఉన్నాగా."

"ఎప్పుడు బాబాయ్?"

"యాభై మూడులో. కంచరగాడిదలు తోలేవాడిలా వేషం వేసుకుని మాతో వచ్చాడు. పెళ్ళాన్నీ పిల్లనీ తెచ్చుకుంటానని. చింగ్‌మింగ్ అయి నాలుగు రోజులైంది. పొద్దున్నే మంచులో వాడి ఊరి కొండవాలు దిగుతుంటే కొత్త సమాధి కనబడింది. కాగితాలు వేలాడుతున్నాయి. రాతి మీద వాడి పేరు! 'ఒరే దెషాన్, పద పోదాం, సొంత సమాధి చూసుకున్నవాడు ఏడు తిరక్కుండా పోతాడంటారు' అన్నాను. వాడు నవ్వాడు. పిచ్చెక్కిందనుకున్నాను. 'రంగు చూడరా మా! ఎరుపు!' అన్నాడు."

"ఎరుపా?"

"నాకేం తెలుసు, మేం రాళ్ళకి రంగులు వెయ్యం. వాడే చెప్పాడు. 'చచ్చినవాడి పేరుకి నలుపు వేస్తారు, బతికున్నవాడి పేరుకి ఎరుపు. నేను బతికున్నానని నా పెళ్ళానికి తెలుసు. బతికే ఉండు, ఇటు మాత్రం రాకు అంటోంది' అన్నాడు. నిజమే మరి. సరిహద్దు అవతల సిపాయి మొగుడు ఉన్నాడంటే ఆ రోజుల్లో ఆడదాన్ని బతకనిచ్చేవాళ్ళా? చచ్చినవాడి పెళ్ళానికి గొడవ తక్కువ. వీడు బతికున్న కబురు అంతకు ముందు ఏడు మా బిడారు పెద్దే ఆవిడ చెవిన వేశాడు."

తరువాత నాన్నగారు ఆ రాయి వెనక కూర్చున్నారట. కింద ఇంటి పొగ కనబడుతోందట. తలకు తెల్లగుడ్డ కట్టుకున్న ఒక పిల్ల వాలులో పందులకు ఆకు కోస్తోందట. పిలిస్తే పలికేంత దూరం. ఆ తెల్లగుడ్డ తనకోసమేనని తెలిసి కూడా పిలవలేదు. పిలిస్తే ఆ పిల్ల "నాన్నా" అని అరుస్తుంది, ఊరు వింటుంది. మంచు విడేలోగా లేచి వచ్చేశారు. మా అమ్మను చేసుకోవడం ఆ తరువాతి సంగతి.

"ఆనాటి నుంచి తెంగ్‌చోంగ్ నుంచి ఎవడొచ్చినా వాడికి ఒకటే ప్రశ్న. రంగేంటి? ఎరుపే అంటే వాడికి ఆ పూట కోడికూర. ఎన్ని కోళ్ళు పోయాయో మీ అమ్మనడగాల్సింది" అన్నాడు మా బాబాయ్.

చిన్నప్పుడు ఆ ప్రశ్న నేనూ విన్నాను. గాడిదల రంగు అడుగుతున్నారనుకునేదాన్ని.

ఆయన ఉత్తరం ఎందుకు రాయలేదో ఇప్పుడు నాకు బోధపడింది. చనిపోయినవాడి దగ్గరనుంచి ఉత్తరం వస్తే మీ ఇద్దరి గతి ఏమయ్యేది? మిమ్మల్ని వదిలేసుకోలేదు. ఇది నా మాట కాదు, కళ్ళతో చూసినవాడి మాట.

రాతి మీద ఆయన పేరు ఇప్పుడు ఏ రంగులో ఉందో రాయండి.

సూమే

*

షీషాన్‌పో
2009 నవంబరు 29

చెల్లీ,

ఆకు కోసిన పిల్లని నేనే.

రెండు వారాలు అన్నం సయించలేదు. యింగ్ ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివింది. నాకు ఒక్కొక్కటీ గుర్తుకొస్తోంది. మేం సమాధి దగ్గర అన్నం పెట్టినప్పుడు నేను తినే పుల్లలు అన్నంలో నిలువునా గుచ్చేదాన్ని, చచ్చినవాళ్ళకి పెట్టినట్టు. నేను అటు తిరగ్గానే అమ్మ వాటిని తీసి గిన్నె మీద అడ్డంగా పెట్టేది, పొలం నుంచి వచ్చి తినేవాడికి పెట్టినట్టు. "నీకేమీ తెలీదే అమ్మా!" అని నేను కసిరేదాన్ని.

రంగు సంగతి కూడా అంతే. రాతి మీద ఇద్దరి పేర్లూ చెక్కించారు. అమ్మ బతికుంది కనక ఆమె పేరు ఎరుపు. ఆయనది నలుపు వెయ్యాలి. అమ్మ అదే గిన్నెలో ముంచి ఆయనకీ ఎరుపే వేసింది. ఊరంతా నవ్వింది. "అదేమిటమ్మా, మొగుడు లేచొస్తాడనా?" అని ఎగతాళి. "ఉన్నది ఒకటే గిన్నె రంగు" అనేది. సర్కారువాళ్ళు సమాధులకి వెళ్ళనివ్వని ఏళ్ళలో కూడా ఇటుకపొడి గంజిలో కలిపి తీసుకెళ్ళేది, కట్టెల మోపులో దాచి. పోయేముందు నాతో అంది: "నా పేరు నలుపు చెయ్యి. ఆయన పేరు జోలికి మాత్రం పోకు." ముసలి చాదస్తం అనుకున్నాను.

చెల్లీ, ఇప్పుడది నలుపు.

అమ్మ పోయిన నాలుగేళ్ళకి పెద్దాడికి పెళ్ళి కుదిరింది, ఈ యింగ్‌తోనే. వీళ్ళ పుట్టింటివాళ్ళు సమాధికి మొక్కడానికి వస్తామన్నారు. ఎర్రపేరు చూసి నవ్విపోతారని రాయి తోమించి నేనే నలుపు వేయించాను. ఎంత బాగుందో అనుకున్నాను. అది ఎద్దు ఏడాది చింగ్‌మింగ్. ఇప్పుడు నడుస్తున్నది కాదు, దీనికి రెండు పన్నెండేళ్ళ చుట్ల ముందుది.

ఆయనకి ఆ కబురు చేరిందా? ఎముకల మాట ఇంక ఎత్తను, ఏ మొహంతో ఎత్తను. ఇదొక్కటే చెప్పు. నువ్వు టీచరమ్మవి, తప్పు రాయవు. నువ్వు రాసిందే నేను నమ్ముతాను.

అక్క

*

హిన్ ఖావ్
2010 జనవరి 31

అక్కా,

ఆలస్యమైంది. టీ కొలతల పని ఉండిపోయింది.

చేరలేదు. ఆ ఏడాది బిడారు రాలేదు. వానలు ముందే పట్టుకున్నాయి, దారిలో కాల్పులు కూడా అన్నారు. నాన్నగారు రాకపోవడానికి కారణం మోకాళ్ళే. ఆ ఏడాది మెట్లు కూడా ఎక్కలేకపోయారు. చివరిదాకా ఎరుపే అనుకున్నారు. పోయిన రోజున కూడా ఎరుపే అనుకుంటూ పోయారు.

ఎప్పుడూ ఉత్తరం రెండుసార్లు సాపు రాసి పంపుతాను. ఇది మళ్ళీ రాయలేదు. చదువుకోను కూడా లేదు.

వ్యాపారి చేతికి ఒక మూట ఇస్తున్నాను. ఆయన బూట్లు. అటక మీదే ఉన్నాయి, తోలు బిగుసుకుంది, నూనె రాశాను. అడుగున మట్టి అంటలేదు. బట్టల సమాధిలో కోటూ టోపీ ఉన్నాయి కాని కాళ్ళకు ఏమీ లేదు కదా. మీకు ఉచితమని తోస్తే అందులో పెట్టండి.

ఇక్కడ చెర్రీలు పూశాయి. చూడడానికి కింది ఊళ్ళవాళ్ళు బండ్లలో వస్తున్నారు. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను.

సూమే

*

షీషాన్‌పో
2010 ఏప్రిల్ 8

చెల్లీ,

బూట్లు అందాయి. చింగ్‌మింగ్ నాడు సమాధి ముందు పలక ఎత్తించి కోటు కింద పెట్టాను, నడిచి వచ్చినవాడు విప్పుకున్నట్టు, మడమలు గుమ్మం వైపు. అన్నం పెట్టి పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టాను. ఎముకలు అక్కడే ఉండనీ. మీ అమ్మ అంత చలి ఓర్చుకుంది.

నీ ఉత్తరం విన్నాను. బిడారు రాలేదన్నావు. సరే, రాలేదు. "మరి వాళ్ళ మొదటి ఉత్తరంలో ఆ ఏడాది అక్రోట్లు తెచ్చింది ఎవరు అత్తయ్యా?" అంది యింగ్. నోరుమూసుకుని రాయవే అన్నాను. ఆ అక్రోట్లు బస్తాల్లో కట్టి బిడారువాళ్ళకి అమ్మిందాన్ని నేనే. నాకు తెలీదూ?

తప్పులు దిద్దేదానివి, నాకోసం ఒక తప్పు రాశావు. దాన్ని దిద్దకు. అలాగే ఉండనీ. నాకు అది కావాలి.

ఆయన పేరు ఇప్పుడు నలుపే సరి, దాన్ని ముట్టుకోలేదు. రాతికి ఎడమ అంచున కట్టించిన సంతానం పేర్లు ఉంటాయి కదా, అక్కడ ఇన్నాళ్ళూ నాదొక్కటే ఉండేది. కింద బోలెడు ఖాళీ. ఈసారి రాతిపనివాణ్ణి పిలిచి నా పేరు కింద నీది చెక్కించాను. రెండింటికీ ఎరుపు వేశాను, ఒకే గిన్నెలోంచి. ఊళ్ళోవాళ్ళు ఎవరీ సూమే అన్నారు. మా చెల్లెలు, దక్షిణాన కొండల మీద పెద్ద టీచరమ్మ అన్నాను.

వరస ప్రకారం ముందు నాదే నలుపు చెయ్యాలి. ఆ పనికి నువ్వే రావాలి. వీళ్ళెవరికీ చెయ్యి నిలవదు. నువ్వైతే గీత దాటకుండా వేస్తావు.

అక్క